ఛాంపియన్లు రాని ఛాంపియన్స్ లీగ్: గల్ఫ్ క్లబ్‌ల పోటీ వెనక లెక్కలు

క్లుప్తంగా: గల్ఫ్ క్లబ్ ఛాంపియన్స్ లీగ్ అనేది ఇరుగుపొరుగు అరబ్ దేశాల నుంచి దేశానికొక క్లబ్ చొప్పున ఆడే ఫుట్‌బాల్ పోటీ. 1982లో మొదలైంది, 2015 తర్వాత ఆగింది, 2024–25లో మళ్ళీ లేచింది. పేరులో ఛాంపియన్లున్నారు గానీ పెద్ద దేశాల అసలు ఛాంపియన్లు మైదానంలో కనిపించడం లేదు. క్యాలెండర్‌లో ఖాళీ లేకపోవడం, డబ్బూ ర్యాంకింగ్ పాయింట్లూ ఆసియా స్థాయి పోటీల్లోనే ఉండడం అందుకు కారణాలు.

రాజోలు వైపు ఒక ఇల్లు. రాత్రి పదిన్నర, భోజనాలయ్యాయి. కువైట్ నుంచి కొడుకు వీడియో కాల్. అక్కడింకా ఎనిమిదే. అతని వెనక స్టేడియం లైట్లు, పసుపు జెండాలు, డప్పుల హోరు. "ఏరా, మోదీ గారెళ్ళిన కప్పు ఇదేనా?" అని తండ్రి అడుగుతాడు. "కాదు నాన్నగారూ, అది దేశాలది. ఇది క్లబ్బులది." "క్లబ్బంటే ఊరిదా, దేశానిదా?" అన్న రెండో ప్రశ్నకు మాత్రం జవాబు అంత తేలిగ్గా రాదు.

కోనసీమలో ఇలాంటి మాటలు ఏ వీధిలోనైనా వినబడేవే. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, మలికిపురం ప్రాంతాల నుంచి కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్, దుబాయ్ వెళ్ళినవారు లేని ఊరు దొరకడం కష్టం. వాళ్ళ ఫోన్లలోంచి అక్కడి ఆట కూడా ఇక్కడికి వస్తోంది. గోదావరి జిల్లాల్లో ఫుట్‌బాల్ ఎప్పుడూ క్రికెట్టు, కబడ్డీల వెనకే ఉన్నా, గల్ఫ్ ఫుట్‌బాల్ పేర్లు మాత్రం చాలామంది చెవిన పడ్డాయి. చెవిన పడ్డంత సులువుగా అర్థం కాలేదు. అందులో తప్పు వినేవాళ్ళది కాదు, ఆ పోటీల అమరికే అలాంటిది.

మూడు పోటీలు, ఒకటే గందరగోళం

ముందు వేటిని వేటి నుంచి విడదీయాలో చూడాలి. గల్ఫ్ కప్ జాతీయ జట్ల పోటీ, 1970లో బహ్రెయిన్‌లో మొదలైంది. 2024 డిసెంబర్ 21న కువైట్‌లోని జాబర్ అల్ అహ్మద్ స్టేడియంలో ప్రధాని మోదీ హాజరైనది దాని 26వ సంచిక ప్రారంభోత్సవానికే. ఆ కప్పును 2025 జనవరిలో ఒమన్‌పై 2–1 తేడాతో బహ్రెయిన్ గెలుచుకుంది.

రెండోది గల్ఫ్ క్లబ్ ఛాంపియన్స్ లీగ్. ఇది క్లబ్‌ల పోటీ. తిరిగి మొదలైన సంచిక అదే శీతకాలంలో నడిచింది కాబట్టి వార్తల్లో ఈ రెండూ కలగలిసిపోయాయి. మూడోది ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే క్లబ్ పోటీల మెట్ల వరస. 2024–25 నుంచి ఇందులో ఛాంపియన్స్ లీగ్ ఎలీట్, దాని కింద ఛాంపియన్స్ లీగ్ టూ, ఆ కింద ఛాలెంజ్ లీగ్ అని మూడు అంచెలున్నాయి.

దేశం జట్టుకు ఆడాలంటే ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. క్లబ్‌కు ఆడడానికి కాంట్రాక్టు చాలు. అందుకే క్లబ్ పోటీలో కువైట్ పేరు మోసే జట్టులో ఆఫ్రికా ఆటగాడూ ఉంటాడు, బ్రెజిల్ ఆటగాడూ ఉంటాడు. ఆ జట్టు ఏ దేశపు సంఘంలో నమోదై, ఏ దేశపు లీగ్‌లో ఆడుతుందో ఆ దేశం తరఫున వెళ్ళినట్టు లెక్క. ఊరిదా, దేశానిదా అన్న తండ్రి ప్రశ్నకు జవాబు రెండూ అనే. జెండా ఊరిది, పోటీలో చోటు దేశానిది.

పేర్ల దగ్గర ఇంకో తికమక. అల్ అహ్లీ జెద్దాలోనూ ఉంది, యెమెన్ రాజధాని సనాలోనూ ఉంది. అల్ అరబీ కువైట్‌లో ఒకటి, ఖతార్‌లో ఒకటి. అల్ నస్ర్ అనగానే అందరికీ రొనాల్డో ఆడే రియాద్ క్లబ్ గుర్తొస్తుంది, కానీ 2024–25 గల్ఫ్ పోటీలో ఆడిన అల్ నస్ర్ దుబాయ్‌ది. ఖాద్సియా పేరుతో కువైట్‌లో ఒక క్లబ్, సౌదీలో మరొకటి. గోదావరి జిల్లాల్లో కొత్తపేట, కొత్తపల్లి అంటే ఏ మండలమని అడిగినట్టే ఇక్కడా ఏ నగరమని అడగక తప్పదు. మరో పోలిక కూడా ఉంది: షబాబ్ అంటే యువకులు, ఇత్తిహాద్ అంటే ఐక్యత, నస్ర్ అంటే విజయం, నహ్దా అంటే పునరుజ్జీవనం. మన ఊళ్ళలో యువజన సంఘాలకు పెట్టుకునే పేర్లూ ఇవే కదా. అందుకే అవి అన్ని చోట్లా ఉంటాయి.

పొరుగు ఎవరు, కానిదెవరు

ఇరుగుపొరుగు అన్న మాటను మ్యాపు చూసి తేల్చుకుందామంటే కుదరదు. గల్ఫ్ సముద్రానికి ఉత్తరపు ఒడ్డంతా ఇరాన్‌దే, అయినా ఈ పోటీలో ఇరాన్ క్లబ్ ఉండదు. యెమెన్‌కు ఆ గల్ఫ్ తీరమే లేదు, ఉన్నదంతా ఎర్రసముద్రం, అరేబియా సముద్రం వైపే. అయినా యెమెన్ క్లబ్ ఆడుతుంది. ఇరాక్‌కు ఉన్నది అరవై కిలోమీటర్లకు లోపు తీరం. 2024–25లో ఇరాక్ తరఫున వచ్చిన దుహోక్ క్లబ్ ఊరు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఉత్తరాన కుర్దుల కొండల్లో, తుర్కియే సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ పొరుగుదనాన్ని తేల్చేది సంఘంలో సభ్యత్వం. 1981లో ఆరు దేశాలు కలిసి గల్ఫ్ సహకార మండలిని పెట్టుకున్నాయి: సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ, ఒమన్. మరుసటి ఏడాదే క్లబ్ పోటీ మొదలైంది, తొలి కప్పు కువైట్ అల్ అరబీకి దక్కింది. ఫుట్‌బాల్ వరకు ఇరాక్, యెమెన్ కూడా చేరి ఎనిమిది దేశాలయ్యాయి. ఇప్పుడు పోటీని నడుపుతున్న అరబ్ గల్ఫ్ కప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2016లో దోహా కేంద్రంగా ఏర్పడింది.

ఈ తేడా డెల్టా వాసులకు కొత్తేమీ కాదు. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రా నేలే, మాట తెలుగే, ఎదుర్లంక వారధి దాటితే కోనసీమే. అయినా 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉన్న ఊరు కాబట్టి కాగితం మీద పుదుచ్చేరి. కాకినాడ కుర్రాడు ఆంధ్ర సంఘం కిందికి వస్తే, కూతవేటు దూరంలో ఉన్న యానాం కుర్రాడు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి సంఘం కిందికి వస్తాడు.

అయితే దగ్గరితనం విలువ పూర్తిగా పోలేదు. సౌదీలోని దమ్మామ్ పక్కనుంచి బహ్రెయిన్‌కు సముద్రం మీద 25 కిలోమీటర్ల వారధి ఉంది, 1986లో తెరిచారు. దమ్మామ్ క్లబ్ అల్ ఎత్తిఫాక్‌కు బహ్రెయిన్‌లో మ్యాచ్ ఉంటే అభిమానులు సాయంత్రం కార్లో బయల్దేరి, ఆట చూసి, రాత్రికి ఇల్లు చేరొచ్చు. సఖినేటిపల్లి వాళ్ళు పంటెక్కి నర్సాపురం వెళ్ళి వచ్చినట్టు. అదే అభిమాని ఆసియా పోటీకి జపానో కొరియానో వెళ్ళాలంటే విమానం టికెట్, వీసా, రెండు రోజుల సెలవు కావాలి. పొరుగు పోటీకి ఉన్న అసలైన బలం ఇదే. అవతలి గట్టు జట్టు మీద గెలిస్తే వచ్చే సంబరం, వేల మైళ్ళ అవతలి జట్టు మీద గెలిస్తే రాదు.

శివారుకు నీళ్ళెందుకు రావు

ఇంత బలమున్న పోటీకి ఛాంపియన్లే ఎందుకు రారు? జవాబుకు కాలువ లెక్క బాగా పనికొస్తుంది.

గోదావరి డెల్టాలో ఆయకట్టు 10 లక్షల ఎకరాల పైచిలుకు. ధవళేశ్వరం దగ్గర తూములు ఎత్తినంత మాత్రాన నీరు అన్ని చేలకూ ఒకేసారి చేరదు. సార్వాలో పెద్ద ఇబ్బంది ఉండదు. దాళ్వాలో నదిలో ఇన్‌ఫ్లో తగ్గాక, సీలేరు నుంచి వచ్చే నీటిని కూడా కలుపుకొని వంతులవారీ విధానం పెడతారు. కాలువ మొదట్లో ఉన్న చేలు తడిశాక పంట కాలువలకు, అక్కడా మిగిలితే శివారుకు. శివారు రైతు లస్కరును తిట్టుకుంటాడు గానీ నీటి లెక్క తేలిపోయేది పైనే.

ఫుట్‌బాల్‌లో నీరంటే తేదీలు. ఆటగాడు వారానికి రెండు మ్యాచ్‌లకు మించి ఆడలేడు. గల్ఫ్ ఎండల్లో వేసవి ఆట ఉండదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించడమే నిషేధం. కాబట్టి సీజన్ ఆగస్టు చివరి నుంచి మే వరకే. అందులో జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం ఫీఫా కేటాయించిన విరామాలు తీసేయాలి. రంజాన్ నెలలో ఆటలు బాగా పొద్దుపోయాక పెట్టుకోవాలి. మిగిలిన వారాలే అందరూ పంచుకోవాల్సిన నీరు.

సౌదీ ప్రో లీగ్‌లో 18 క్లబ్‌లు, అంటే ఒక్కో క్లబ్‌కు 34 మ్యాచ్‌లు. ఇది తలకాలువ. దీన్ని ఎవరూ ముట్టుకోరు. ఆపైన సౌదీ క్లబ్‌ల మధ్యే జరిగే కింగ్స్ కప్. ఆపైన ఆసియా ఎలీట్: లీగ్ దశలో 8 మ్యాచ్‌లు, ముందుకెళితే ప్రీక్వార్టర్స్‌లో 2, ఆ తర్వాత ఫైనల్ దాకా 3. జెద్దా అల్ అహ్లీ 2025 మే 3న జపాన్ క్లబ్ కవాసాకి ఫ్రంతాలేను 2–0తో ఓడించి ఎలీట్ గెలిచేసరికి ఈ ఒక్క పోటీలోనే 13 మ్యాచ్‌లు ఆడింది. అల్ హిలాల్‌కైతే సీజన్ ముగిశాక అమెరికాలో ఫీఫా క్లబ్ వరల్డ్ కప్ కూడా ఉంది. మాంచెస్టర్ సిటీని 4–3తో ఓడించింది అక్కడే.

2024–25 గల్ఫ్ క్లబ్ లీగ్‌లో నాలుగేసి జట్ల రెండు గ్రూపులు. సొంతూళ్ళో ఒకటి, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఒకటి చొప్పున గ్రూపులో 6 మ్యాచ్‌లు, సెమీఫైనల్ రెండు, ఫైనల్ రెండు. కప్పు గెలవాలంటే మొత్తం 10. పైనున్న లెక్క మీద ఈ పదీ వేస్తే ఏ శిక్షకుడైనా తల అడ్డంగా ఊపుతాడు.

అందుకే సమాఖ్యలు ఒక దారి ఎంచుకున్నాయి: ఆసియా పోటీలకు వెళ్ళే క్లబ్‌లను పక్కనబెట్టి, ఆ తర్వాతి వాళ్ళలో ఒకరిని గల్ఫ్ పోటీకి పంపడం. 2023–24 సౌదీ లీగ్‌ను అల్ హిలాల్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచింది. హిలాల్, నస్ర్, అహ్లీ ఎలీట్‌కు వెళ్ళాయి, నాలుగో స్థానంలోని తావూన్ ఛాంపియన్స్ లీగ్ టూకు వెళ్ళింది. గల్ఫ్ ఛాంపియన్స్ లీగ్‌కు సౌదీ పంపింది ఆరో స్థానంలో నిలిచిన అల్ ఎత్తిఫాక్‌ను. ఇరాక్ నుంచి ఆనాటి ఛాంపియన్ అల్ షుర్తా ఎలీట్‌కు పోతే దుహోక్ ఇటు వచ్చింది.

తేదీల సంగతి ఇలా ఉంటే, డబ్బు సంగతి మరొకటి. ఎలీట్ విజేతకు కోటి డాలర్లు, రూపాయల్లో 80 కోట్లకు పైమాటే. అంతకంటే ముఖ్యమైనది ర్యాంకింగ్. ఏ దేశానికి ఆసియా పోటీల్లో ఎన్ని స్థానాలన్నది ఆ దేశపు క్లబ్‌లు ఆసియా సమాఖ్య పోటీల్లో తెచ్చే పాయింట్లను బట్టి ఉంటుంది. గల్ఫ్ క్లబ్ లీగ్ ఆసియా సమాఖ్య పోటీ కాదు. అందులో పదికి పది గెలిచినా ఆ ఖాతాలో ఒక్క పాయింటు పడదు. నీటిని ఆపే లాకు ఉన్నది ఇక్కడే. ఛాంపియన్‌ను గల్ఫ్ పోటీకి పంపి అలసిపోనిచ్చి, ఆసియా పోటీలో ఓడగొట్టుకుంటే దేశం మొత్తానికి స్థానాలు తగ్గుతాయి. ఆ సాహసం ఏ సమాఖ్యా చేయదు.

ఒక దేశంలోని క్లబ్‌ల మధ్య తేడా కూడా పెరిగింది. 2023 జూన్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి హిలాల్, నస్ర్, ఇత్తిహాద్, అహ్లీ క్లబ్‌లలో 75 శాతం చొప్పున వాటా తీసుకుంది. ప్రపంచ స్థాయి ఆటగాళ్ళను కొనగలిగిన ఈ నాలుగింటికి గల్ఫ్ కప్పు అదనపు అలంకారమే. ఆ జాబితాలో లేని ఎత్తిఫాక్ పరిస్థితి వేరు. 1983, 1988, 2006లో ఇదే కప్పు గెలిచిన చరిత్ర దానికి ఉంది.

కువైట్ వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. అక్కడి ప్రీమియర్ లీగ్‌లో పదే క్లబ్‌లు. ఆసియా ఎలీట్ అందని ద్రాక్ష. కాబట్టి ఖాద్సియా లాంటి జనాదరణ గల క్లబ్‌కు సౌదీ, ఖతార్, యూఏఈ జట్లతో సొంత మైదానంలో తలపడే అవకాశం ఈ పోటీలోనే దొరుకుతుంది. సౌదీకి శివారు పొలమైన పోటీ కువైట్‌కు తలకాలువ పక్కన చేను. పోటీ విలువ మీద రెండు దేశాల పత్రికలూ ఎందుకు ఏకీభవించవో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి గట్టు మీంచి వాళ్ళు చూస్తున్నారు.

యూరప్‌లో ఎండిపోయిన కాలువలు

ఇది గల్ఫ్‌కు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 1949లో ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ దేశాల ఛాంపియన్ క్లబ్‌లతో లాటిన్ కప్ మొదలైంది. నాలుగు జట్లు ఒకచోట చేరి కొద్ది రోజుల్లో ముగించే పోటీ. తొలి ఏడాది ఇటలీ ఛాంపియన్ తోరినో. ఆ ఏడాది మే 4న, లిస్బన్‌లో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి తిరిగొస్తుండగా ఆ జట్టు ప్రయాణిస్తున్న విమానం తూరిన్ దగ్గర సుపెర్గా కొండను ఢీకొంది. జట్టు దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. అయినా కొత్తగా కూర్చిన ఆటగాళ్ళతో తోరినో లాటిన్ కప్‌కు వచ్చింది, మూడో స్థానం తెచ్చుకుంది. ఫైనల్లో స్పోర్టింగ్ లిస్బన్‌ను ఓడించి బార్సిలోనా కప్పు తీసుకెళ్ళింది.

జట్టు పోయినా ఛాంపియన్ వచ్చిన రోజులవి. ఎందుకంటే అప్పటికి అంతకంటే పెద్ద పోటీ లేదు. 1955లో ఫ్రెంచి క్రీడాపత్రిక లెకిప్ చొరవతో యూరోపియన్ కప్ మొదలైంది. రెండేళ్ళు రెండూ పక్కపక్కన నడిచాయి. 1957లో రియల్ మాడ్రిడ్ రెండు కప్పులూ గెలిచింది. లాటిన్ కప్‌కు అదే ఆఖరు సంచిక. ఎవరూ దాన్ని రద్దు చేయనక్కర్లేకపోయింది, తేదీలే మిగల్లేదు.

దానికంటే ముందుది మిత్రోపా కప్. ఆస్ట్రియాకు చెందిన హ్యూగో మైస్ల్ ఆలోచనతో 1927లో ఆస్ట్రియా, హంగరీ, చెకోస్లొవేకియా, యుగోస్లావియా క్లబ్‌ల మధ్య మొదలైంది, తొలి విజేత స్పార్టా ప్రాగ్. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ యూరప్‌లో ఇంతకు మించిన క్లబ్ పోటీ లేదు. ఇది లాటిన్ కప్‌లా ఒక్కసారిగా పోలేదు, మెల్లగా ఇంకిపోయింది. యూరోపియన్ కప్ వచ్చాక పెద్ద క్లబ్‌లు తప్పుకున్నాయి, 1980 నుంచి రెండో డివిజన్ గెలిచిన జట్లతో నడిపారు, 1992లో ఆగింది. పేరు చివరిదాకా అదే, ఆడేవాళ్ళు మాత్రం మారిపోయారు. గల్ఫ్ పోటీకి నిజంగా హెచ్చరిక కావలసింది మిత్రోపాయే.

గల్ఫ్ కథలో కూడా ఆ గుర్తులు కనిపిస్తాయి. సౌదీ పెద్ద క్లబ్‌లలో హిలాల్ 1986, 1998లో, నస్ర్ 1996, 1997లో ఈ కప్పు గెలిచాయి. 1989లో ఒమన్‌లోని ఫంజా అనే చిన్న పట్టణపు క్లబ్ కూడా గెలవగలిగింది. ఆసియా ఛాంపియన్స్ లీగ్ 2002–03లో మొదలై ఏటికేడాది పెరిగింది. 2008లో జెద్దా అహ్లీ గెలిచిన తర్వాత, 2015లో పోటీ ఆగేదాకా సౌదీకి ఆ కప్పు మళ్ళీ రాలేదు. సౌదీ ఫుట్‌బాల్ బలహీనపడి కాదు. దాని బలం వేరే కాలువలోకి మళ్ళింది.

1990 నుంచి దుహోక్ దాకా

పొరుగు పోటీలకు మరో బలహీనత పొరుగువాళ్ళే. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. ఆ ఏడాది క్లబ్ పోటీ జరగలేదు. డెల్టాలో ఆ తేదీ గుర్తున్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కువైట్ నుంచి జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో తిరిగొచ్చిన లక్షా 70 వేల మంది భారతీయుల్లో గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత 2004 దాకా గల్ఫ్ కప్‌లో ఇరాక్ కనిపించలేదు. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సరిహద్దు మూసేశాక సొంతూళ్ళో ఒకటి, పొరుగూళ్ళో ఒకటి అనే పద్ధతికి అర్థమే లేదు. 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందంతో ఆ మూత తొలగింది. క్లబ్ పోటీ మళ్ళీ పట్టాలెక్కడానికి ఇంకో మూడేళ్ళు పైనే పట్టింది.

ఈ నేపథ్యంలో 2025 ఏప్రిల్ ఫైనల్‌ను చూడాలి. ఒకవైపు కువైట్ ఖాద్సియా, ఇంకోవైపు ఇరాక్ దుహోక్. రెండు మ్యాచ్‌ల మొత్తం మీద 2–1తో దుహోక్ గెలిచింది. ఇరాక్ క్లబ్‌కు ఈ కప్పు దక్కడం అదే మొదటిసారి. 1990లో ట్యాంకులు నడిచిన దారిలో 2025లో ఆటగాళ్ళు రాకపోకలు సాగించారని చెప్పుకోవచ్చు గానీ, దాన్ని మరీ సాగదీయడం అనవసరం. గమనించాల్సింది వేరే ఉంది. ఇరాక్‌లోని క్లబ్‌లు ఏళ్ళ తరబడి అంతర్జాతీయ మ్యాచ్‌లు పరాయి దేశాల్లోనే ఆడాల్సి వచ్చింది. 2023 జనవరిలో బస్రాలో గల్ఫ్ కప్ నడిపి, గెలిచి, ఇరాక్ ఆ ముద్ర కొంత చెరిపేసుకుంది. ఆ తర్వాత ఒక కుర్దు పట్టణానికి గల్ఫ్ జట్లు వచ్చి ఆడి వెళ్ళాయంటే ఆ ఊరికి అది కప్పుతో సమానమైన సంగతే. ఆసియా ఎలీట్‌లో ఇలాంటి ఊరి పేరు వినబడాలంటే చాలా కాలం పడుతుంది.

మన వైపు సంగతి

దక్షిణాసియాలో ఇలాంటిది ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. 1997లో ఏర్పడిన దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్యలో ఇప్పుడు ఏడు దేశాలున్నాయి: భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, భూటాన్, మాల్దీవులు. జాతీయ జట్ల పోటీ నడుస్తోంది. పురుషుల క్లబ్ పోటీ మాత్రం ఎన్నోసార్లు ప్రకటనల దాకా వచ్చి అక్కడే ఆగింది. ఇక్కడ శివారుకు నీరు రాకపోవడమే కాదు, తలకాలువకే గండి పడింది. 2025లో మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నిర్వహణ హక్కుల ఒప్పందం చిక్కుల్లో పడి సీజన్ మొదలవడమే ఆలస్యమైంది. పైగా భారత్–పాక్ వీసాల సంగతి చెప్పనక్కర్లేదు. మహిళల విభాగంలో మాత్రం 2025 డిసెంబర్‌లో ఖాట్మండులో తొలి క్లబ్ పోటీ జరిగింది, ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఒకే ఊళ్ళో అందరినీ చేర్చి రెండు వారాల్లో ముగించే పాత లాటిన్ కప్ పద్ధతి కాబట్టే అది సాధ్యమైంది.

ఈస్ట్ బెంగాల్ పురుషుల జట్టుకూ పొరుగు కప్పు ఒకటి ఉంది, అయితే మన పొరుగు కాదు. 2003 జులైలో జకార్తాలో జరిగిన ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్‌కు ఆహ్వానం మీద వెళ్ళి, ఫైనల్లో థాయ్‌లాండ్ క్లబ్ బీఈసీ తెరో ససానాను 3–1తో ఓడించింది. అప్పటికి ఆ జట్టు భారత జాతీయ లీగ్ విజేత. ఇరవై ఏళ్ళు దాటినా కోల్‌కతాలో ఆ కప్పును తలుచుకునే తీరు చూస్తే, చిన్న పోటీ అన్న మాట ఎవరి నోట వస్తోందన్నది ముఖ్యమని తెలుస్తుంది.

అసలు ఛాంపియన్ ఎవరన్నది తేల్చడమే మన దగ్గర ఒక పేచీ. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ట్రోఫీ ఎత్తింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలతో గెలుపు. తెలుగు రాష్ట్రాలు రెండూ పండగ చేసుకున్నాయి. కానీ లీగ్ పట్టికలో మొదటి స్థానానికిచ్చే షీల్డ్ జంషెడ్‌పూర్‌కు దక్కింది, ఆసియా ఛాంపియన్స్ లీగ్ లెక్కలో బరువు షీల్డ్‌కే. హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ శిష్యులు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచిన నగరంలో ఆ ట్రోఫీ ఎత్తిన క్లబ్ కూడా ఇప్పుడు లేదు, 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

ఇక ముందు

గల్ఫ్ పోటీకి రెండు దారులున్నాయి. ఆసియా సమాఖ్య తన ర్యాంకింగ్‌లో దీనికి ఎంతో కొంత విలువ కట్టడం ఒకటి. అలా జరిగితే సౌదీ, యూఏఈ సమాఖ్యలు పంపే పేర్లు మారతాయి. ప్రస్తుతానికి దానికి సూచనలు లేవు. రెండోది, ఛాంపియన్ల పోటీనన్న భ్రమ వదులుకొని, రెండో వరస క్లబ్‌ల పోటీగా స్థిరపడడం. యూరప్ 2021లో కాన్ఫరెన్స్ లీగ్ పెట్టి చేసింది ఇదే, అక్కడ అది నిలదొక్కుకుంది. గల్ఫ్‌లో ఆచరణ ఇప్పటికే ఆ దారిలో ఉంది, పేరు మార్చడానికే ఎవరికీ మనసు రావడం లేదు.

కువైట్‌లో ఉన్న దాదాపు 10 లక్షల మంది భారతీయులకు, వాళ్ళలోని తెలుగువారికి, ఈ పేచీలతో పని తక్కువ. పెద్ద క్లబ్‌లు వచ్చినా రాకపోయినా పని దిగాక సాయంత్రం స్టేడియంకు వెళ్ళొచ్చు, అక్కడినుంచి ఇంటికి ఫోన్ చేయొచ్చు. జట్ల జాబితా వెలువడినప్పుడు మాత్రం ఒక్కటి చూసుకోవాలి: సౌదీ పేరు పక్కన ఉన్న క్లబ్ కిందటేడు లీగ్ పట్టికలో ఎన్నో స్థానంలో ఉంది? 2024–25లో ఆరో స్థానం. 2025–26కు వచ్చిన అల్ షబాబ్ కూడా అంతకుముందు సీజన్‌లో ఆరో స్థానమే.